పంపు పెంచిన బండి – ఆర్సీలో నా పేరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఎర్రుపాలెంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా గారి కేసులో తీర్పు చెప్పింది. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, మన హక్కు అని తేలింది. ఆ తీర్పు మనందరికీ కంఠతా వచ్చు. అయితే ఆ హక్కుగా వచ్చిన పెన్షను మన చేతుల్లోంచి ఎలా జారిపోగలదో చెప్పే తీర్పులు ఇంకో మూడున్నాయి. అవి మనలో ఎక్కువమందికి తెలియవు. వాటిని ఇవాళ మీ ముందుంచుదామని వచ్చాను.

కార్యదర్శి గారు ఫోను చేసి, "ఈసారి మీరు డి.ఏ. బకాయిల గురించి మాట్లాడండి" అన్నారు. "పికప్ బండికి డీజిలు పంపు పెంచడం గురించి మాట్లాడతానండీ" అన్నాను. కాసేపు లైనులో చప్పుడు లేదు. తర్వాత, "మీ ఇష్టం, కానీ ఇరవై నిమిషాలే" అన్నారు. వారికి కృతజ్ఞతలు.

చేతులెత్తమని అడగను గానీ, నాకు తెలిసినంతలో మన సభ్యుల్లో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము ఇవాళ చక్రాల మీద తిరుగుతోంది. చదువు అబ్బని కొడుక్కో, ఉద్యోగం దొరకని అల్లుడికో ఒక బండి కొనిపెట్టాం. అప్పు ఇచ్చేవాడు కుర్రవాడి ముఖం చూసి ఇవ్వడు, మన పెన్షను పుస్తకం చూసి ఇస్తాడు. అందుకని బండి మన పేరన ఉంటుంది. స్టీరింగు మాత్రం వాడి చేతిలో ఉంటుంది.

నేను 1974లో రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, 2008 జూన్ ఆఖరున రిటైరయ్యాను. ఖమ్మంలోను, కొన్నాళ్ళు కొత్తగూడెంలోను పనిచేశాను. ఇంజను విప్పడం నాకు రాదు. రిజిస్టర్లు రాయడం వచ్చు. నేను చేరిన కొత్తలో, 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో, పెట్రోలు జీపుల యజమానులు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించుకునేవారు. భద్రాచలం అడవి దారుల్లో తిరిగే జీపులు ఇలా మారినవి బాగానే ఉండేవి. వారు అర్జీ పెట్టుకునేవారు, ఇన్‌స్పెక్టరు గారు బండి చూసేవారు, కొత్త ఇంజను నంబరు నేను ఎర్రసిరాతో రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. అప్పటి 1939 చట్టంలో అది 32వ సెక్షను. 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చాక అదే 52వ సెక్షను అయింది. చెప్పొచ్చేదేమంటే బండిని మార్చడమే నేరం అనే మనిషిని కాను నేను. మార్పుకు ఒక దారి ఉంది. ఆ దారిన వచ్చినవాళ్ళకు నేనే సంతకం పెట్టించి ఇచ్చాను.

2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, సుమారు 700 సీసీ, 16 హార్స్ పవర్, ముప్పాతిక టన్ను లోడు. మా రోజుల్లో మోటారు సైకిలుకు కూడా అంతకంటే ఎక్కువ పవరున్నవి ఉన్నాయని నవ్వుకున్నాం గానీ, అది ఊరూరా తిరిగింది. తర్వాత పెద్ద పికప్‌లు వచ్చాయి. మా రెండోవాడు 2016లో "నాన్నా, ఒక పికప్ అయితే మిర్చి సీజనులోనే కిస్తీలు తీరిపోతాయి" అన్నాడు. కమ్యుటేషనులో మిగిల్చినదంతా ముందు కట్టి, మిగతాది అప్పు తీసుకుని, నా పేరన కొన్నాను. అది పాత పద్ధతి పంపు ఉన్న టర్బో ఇంజను బండి, కంప్యూటరు లేదు. ఏ కంపెనీదో చెప్పను. తప్పు కంపెనీది కాదు.

ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపిన బరువు అని రెండు అంకెలుంటాయి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే మిగిలేది మనం వేసుకోదగ్గ బరువు. మా బండికి అది 1,500 కిలోలు. మిర్చి బస్తా నలభై పైచిలుకు తూగుతుంది గనుక ముప్పై అయిదు బస్తాలు. అయితే మిర్చి తేలిక సరుకు, చోటెక్కువ తింటుంది. ముప్పై అయిదు బస్తాలకే బాడీ నిండిపోతుంది. రైతు యార్డుకు అరవై, డెబ్బై బస్తాలు ఒక్క ట్రిప్పులో పోవాలంటాడు. పక్కబండివాడు పోనిస్తున్నాడు.

నాలుగు నెలలు తిరగకుండానే మావాడు బండిని ఒక షెడ్డుకు తోలాడు. ఊరు చెప్పను. నేనూ వెంట వెళ్ళాను. మేస్త్రీ మంచివాడే, పనిమంతుడు. "గుమాస్తా గారూ, కంపెనీవాడు ఇంజను నోరు కట్టేసి పంపిస్తాడండీ. మేం ఆ తాడు విప్పుతున్నాం, అంతే" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు బాగానే తోచింది.

ఆయన చేసిన పనులు నాలుగు. పంపు మీద సీసం సీలు వేసి ఉండే స్క్రూ తిప్పి డీజిలు పెంచాడు. సైలెన్సరులో అడ్డంగా ఉన్నదేదో కోసి తీసేసి ఖాళీ గొట్టం అతికించాడు. వెనక కమాను కట్టల్లో చెరో రెండు పట్టీలు అదనంగా వేశాడు. బాడీ చుట్టూ ఇనుప గొట్టాలతో రెండున్నర అడుగులు ఎత్తు లేపాడు. అన్నిటికీ కలిపి 11,000 రూపాయలు. నేనే లెక్కపెట్టి ఇచ్చాను.

ఈ పంపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెట్రోలు బండికిలా డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని సిలిండరులో బాగా నలిపేస్తారు. నలిగిన గాలి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలు చిమ్మితే దానంతటదే మండుతుంది. ఒక గ్రాము డీజిలు పూర్తిగా కాలాలంటే సుమారు పద్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. మన ఇళ్ళల్లో కట్టెల పొయ్యి వాడిన ఆడవాళ్ళు ఇక్కడున్నారు. పొయ్యిలో సగం దాకా కట్టెలు పెడితే మంట వస్తుంది. నోరు నిండా కుక్కితే పొగ వస్తుంది. పంపు పెంచడమంటే ఇదే. మొదట కొంత ఖాళీ ఉంటుంది గనుక నిజంగానే బలం పెరుగుతుంది. కాదనను. మావాడి బండి లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చనక్కరలేకుండా పోయింది. ఖాళీగా అయితే అంతకుముందు అరవైలో పోయేవాడు ఎనభై అయిదులో పోసాగాడు. కానీ గాలి చాలని డీజిలు నల్లపొగై పోతుంది, మిగిలిన వేడి పిస్టను నెత్తిని, హెడ్ గ్యాస్కెట్‌ను, టర్బోను కాలుస్తుంది. కంపెనీవాడు నోరు కట్టాడన్నది నిజమే. క్లచ్చి, గేరుబాక్సు, బ్రేకులు, టైర్లు ఎంత తట్టుకుంటాయో చూసి ఆ లెక్కన కట్టాడు. మేస్త్రీ ఇంజనుకు మాత్రం తాడు విప్పాడు. బ్రేకులు పాతవే.

కమాను పట్టీల సంగతీ అంతే. పట్టీలు వేస్తే బండి వెనక్కి కుంగదు. కుంగకపోవడంతో బరువు ఎక్కువైనట్టు కంటికి కనబడదు. ఇరుసు మీద, టైరు మీద పడే బరువు మాత్రం తగ్గదు. పైగా బరువు లేనప్పుడు ఆ గట్టి కమాన్లు వంగవు, చిన్న గుంటకే వెనక చక్రం ఎగిరిపడుతుంది. ఈ రెండో సంగతి నాకు తెలియదు. తర్వాత తెలిసింది.

గుమాస్తా బుద్ధి గనుక నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. షెడ్డుకు పోయిన దగ్గర్నుంచి పదహారు నెలల్లో అదనపు లోడు వల్ల అదనంగా వచ్చిన కిరాయి 1,10,000. అందులోంచి పోయినవి రాసుకున్నాను. షెడ్డు ఖర్చు 11,000. ముందుగానే అరిగిపోయిన టైర్లకు 34,000. క్లచ్చి ప్లేట్లు రెండుసార్లు, 17,000. హెడ్ గ్యాస్కెట్ పోయి హెడ్ పని చేయించినందుకు 26,000. చలానాలు 6,500. మొత్తం 94,500. మిగిలింది 15,500. నెలకు వెయ్యి కూడా లేదు. ఎక్కువ తాగిన డీజిలు ఇందులో వేయలేదు. వేస్తే ఆ మిగులూ ఉండదని భయపడి వేయలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. ఆర్సీలో రాసిన దానికి భిన్నంగా బండి ఉండకూడదని ముప్పై నాలుగేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి నేను. మా వాకిట్లో నిలబడ్డ బండిని చూసి ఒక్కమాట అనలేదు. ఎందుకంటే ఆ నెల కిస్తీ టైముకు కట్టాం. ఇంకో నెలా కట్టాం. ఇంటికి వచ్చిన పాత సహోద్యోగి ఒకాయన కమాన్ల వంక చూసి నా ముఖం వంక చూశాడు. నేను కాఫీ తెమ్మని లోపలికి కేకేశాను.

2018 ఫిబ్రవరి. మిర్చి కోతల రోజులు. మన వైపు కోతలకు చర్ల, దుమ్ముగూడెం అవతలి నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ముఠాలుగా వస్తారని మీకు తెలుసు. ఒక రైతు అడిగితే మావాడు చర్ల వైపు వెళ్ళి పద్దెనిమిది మందిని ఎక్కించుకున్నాడు. ఎక్కువమంది ఆడవాళ్ళు. గిన్నెలు, బియ్యం మూటలు, ఇద్దరు చంటిపిల్లలు. ఎత్తు లేపిన ఆ గొట్టాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ బరువు కంపెనీ చెప్పిన 1,500 కిలోలకు లోపే. ఇది గమనించండి, ఆ రోజు ఓవర్‌లోడు లేదు. పాల్వంచ రాకముందు అడవి రోడ్డులో ఒక వాలు, వాలు దిగాక వంపు. గేదె అడ్డం వచ్చింది. మావాడు ఎనభై దాటి పోతున్నానని తనే ఒప్పుకున్నాడు. అరవై నుంచి ఎనభై అయిదుకు తేడా పాతికే గానీ, బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి రెట్టింపవుతుంది. వేగాన్ని వేగంతోనే గుణించాలి గనుక. బ్రేకు తొక్కి స్టీరింగు తిప్పాడు. వెనక కమాన్లు వంగలేదు, చక్రం లేచింది, పైన నిలబడ్డ మనుషుల బరువు ఒక పక్కకు ఒరిగింది. బండి ఎడమ పక్కకు పడుకుంది.

ప్రాణాలు పోలేదు. దెబ్బలు అందరికీ తగిలాయి. ఒకామెకు తొడ ఎముక విరిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద పడుకుని, "అయ్యా, మా బియ్యం మూట ఎవరి దగ్గరుంది" అని అడిగింది.

ఇప్పుడు ఆ తీర్పులు. మొదటిది 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో చెప్పింది. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి బాధ్యత లేదు. 1994 సవరణ ప్రకారం సరుకు యజమాని గానీ, ఆయన తరఫున సరుకు వెంట వచ్చినవాడు గానీ అయితే వేరే మాట. కోతకు పోయే కూలీలు అందులోకి రారు. అంటే ఆ పద్దెనిమిది మందిలో ఎవరికేమైనా, ఆ సొమ్ము బండి యజమాని నుంచి రావాలి. యజమాని ఎవరు? ఆర్సీలో ఉన్నవాడు. నేను.

రెండోది 2019 జనవరిది, కేరళ నుంచి వెళ్ళిన కేసు. తయారుచేసినవాడు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని 52వ సెక్షనుకు అర్థం చెప్పింది. అదే ఏడు పార్లమెంటు చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరునెలల దాకా జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ అని రాసింది. ఒక్కొక్క మార్పుకు అన్నమాట గుర్తుంచుకోండి. మా బండికి నాలుగు. ఓవర్‌లోడుకు 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 అని కూడా అదే సవరణలో ఉంది. కంపెనీకి తెలియజేయని మార్పులుంటే మన బండికి జరిగిన నష్టం ఇవ్వకుండా ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెట్టగలరు. మాకూ అదే జరిగింది. బండి రిపేరుకు పైసా రాలేదు. వాళ్ళు రాసిన ఉత్తరంలో ఒక్క అక్షరం తప్పు లేదు. నేనైనా అలాగే రాసేవాణ్ణి.

ఆమె కేసు వేయలేదు. పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆసుపత్రి ఖర్చు కాక 1,80,000 ఇచ్చాను. మా ఆవిడ గాజులు, ఫిక్స్‌డ్ డిపాజిట్టు, కొడుకు స్నేహితుల దగ్గర చేబదులు అన్నీ కలిసి అది. కోర్టుకు వెళ్ళి ఉంటే ఆమెకు ఇంతకు ఎక్కువే వచ్చేదని ఆ పని చేసినవాడిగా నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. మీరు దీన్ని ఏమన్నా అనుకోండి. తర్వాత రెండుసార్లు వాళ్ళ ఊరు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు వాకిట్లో మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకుంది. మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చాను.

బండిని అమ్మేద్దామన్నారు ఇంట్లో. నేను ఒప్పుకోలేదు. డీజిలు పంపులు బెంచి మీద పెట్టి పరీక్షించే షాపులో పంపు విప్పించి, కంపెనీ లెక్కకు తెప్పించి, మళ్ళీ సీలు వేయించాను. అదనపు పట్టీలు పీకించాను. గొట్టాలు కోయించాను. కొత్త సైలెన్సరు పెట్టించాను. మావాడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నాన్నా, ముప్పై అయిదు బస్తాలే వేస్తానంటే బేరం పక్కవాడికి పోతుంది. వాణ్ణి ఎవరాపుతారు?" అన్నాడు. దానికి నా దగ్గర ఇవాళ్టికీ పూర్తి సమాధానం లేదు. నిజంగానే ఇద్దరు రైతులు వేరే బండికి పోయారు. మావాడు క్రమంగా పాల క్యాన్లకు, టెంటు హౌసు సామానుకు మళ్ళాడు. కిస్తీలు అనుకున్న దానికంటే ఏడాదిన్నర ఆలస్యంగా తీరాయి. 2023లో కమ్యుటేషను కోత ఆగి పూర్తి పెన్షను వచ్చేదాకా ఊపిరాడలేదు.

కొత్త బండ్లకు ఇవన్నీ ఉండవుగా అని అడిగారు ఇందాక ఒక మిత్రులు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 బండ్లే అమ్మాలి. వాటిలో పంపు స్క్రూ లేదు, కంప్యూటరు ఉంది. దానికీ విరుగుడు కనిపెట్టారు. లాప్‌టాప్ తగిలించి లెక్క మార్చేస్తారు, లేకపోతే మధ్యలో చిన్న డబ్బా పెట్టి కంప్యూటరుకు అబద్ధం చెప్పిస్తారు. పొగలోని మసిని పట్టే ఫిల్టరును తీసి పారేస్తారు. ఇది మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో పికప్‌లు సరదాకి తోలే దేశంలో కూడా ఇదే తంతు. అక్కడి పర్యావరణ సంస్థ 2020లో వేసిన అంచనా ప్రకారం అంతకు ముందు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిలు పికప్‌ల నుంచి పొగ అదుపు సామగ్రి ఊడపీకారు. అక్కడున్న మా అన్నగారి మనవడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. కావాలని నల్లపొగ వదిలి నవ్వుకుంటున్నారు. మనవాళ్ళు కిస్తీ కోసం చేస్తారు, వాళ్ళు వినోదం కోసం చేస్తారు. వెనక వచ్చేవాడి ఊపిరితిత్తులకు ఈ తేడా తెలియదు.

మూడో తీర్పు చెప్పి ముగిస్తాను. ఇది 2018 ఫిబ్రవరిది, నవీన్ కుమార్ కేసు. మా బండి పడ్డది ఆ నెలలోనే. బండి అమ్మేశాం, చేతులు మారింది, కాగితం మాత్రం మార్చలేదు. అలాంటి బండికి ప్రమాదం జరిగితే బాధ్యుడెవరు? రిజిస్టరులో పేరున్నవాడే. మధ్యలో నాలుగు చేతులు మారినా సరే. మనలో ఎందరు బండి అమ్మి, సంతకం పెట్టిన ఫారాలు కొన్నవాడి చేతిలో పెట్టి, "నీ వీలున్నప్పుడు మార్పించుకో బాబూ" అని వదిలేశామో ఆలోచించండి. అలాంటివారు ఈ వారంలోనే వెళ్ళి చూసుకోండి. పాత ఎ.పి. 20 అయినా, టి.ఎస్. 04 అయినా, ఇప్పటి టి.జి. అయినా, నంబరు కొడితే యజమాని పేరు తెలిసే వీలు ఉంది. మీ మనవలు ఫోనులోనే చూసి పెడతారు.

బండి ఇంటి ముందు ఉన్నవారికి చిన్న పని చెబుతాను. వెనక చక్రం పక్కన వంగి కమాను పట్టీలు లెక్కపెట్టండి. బండితో వచ్చిన పుస్తకంలోనో, కొత్త బండి షోరూములోనో ఎన్ని ఉండాలో చూసుకోండి. మిట్ట ఎక్కేటప్పుడు పొగ రంగు చూడండి. పంపు మీద సీలు తెగిందేమో అడగండి. మీవాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. మంచి టైర్లు, వేళకు ఆయిలు, గాలి ఫిల్టరు, బ్రేకు లైనింగులు, వెనక మెరిసే ఎర్ర స్టిక్కర్లు, వీటికి డబ్బడిగితే మాత్రం లేదనకండి. బండికి బలం పెంచేవి ఇవేనని మా మేస్త్రీయే ఒప్పుకున్నాడు. పంపు మళ్ళీ తగ్గించాక మైలేజీ లీటరుకు రెండున్నర కిలోమీటర్లు పెరిగిందని నా నోటుపుస్తకం చెబుతోంది.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మా రెండోవాడు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఇవాళ్టి కుర్చీలు, షామియానా తెచ్చింది వాడే. ఇదంతా చెబుతానని రాత్రి వాడి అనుమతి తీసుకున్నాను. బండి బయట వేపచెట్టు కింద ఉంది. ఆర్సీ జిరాక్సు నా జేబులో ఉంది. కమాను పట్టీలు ఎలా లెక్కపెట్టాలో చూడాలనుకున్నవారు టీ వచ్చేలోగా నాతో రండి. సెలవు.